సున్‌చన్ నుంచి శని, ఆదివారాలు: కొరియాలో ఇంగ్లీషు బోధించిన ఏడాది, నా అనుభవం

దక్షిణ కొరియాలో నైరుతి మూలన ఉన్న సున్‌చన్ నగరంలో, ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లీషు చెప్పేందుకు నేను చేసుకున్న ఏడాది ఒప్పందం 2025 ఫిబ్రవరి 25న ముగిసింది. నేను పుట్టింది మాచర్లలో; పదకొండో ఏట అమ్మానాన్నలతో న్యూజెర్సీ చేరాను. ఈ ఉద్యోగానికిచ్చే ఈ-2 వీసాకు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఏడు దేశాల పాస్‌పోర్టులనే సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు కనుక, అమెరికా పౌరసత్వం ఉండటం వల్లనే నాకీ అవకాశం దక్కింది. పాఠాల గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. నేను మాత్రం శుక్రవారం సాయంత్రం 4 గంటల 40 నిమిషాలకు బడి వదిలినప్పటి నుంచి ఆదివారం రాత్రి గది తాళం తీసే వరకు జరిగినదే రాస్తాను. ఆ ఏడాదిలో నా మనసును నిలబెట్టినవి, తొలి మూడు నెలలు నన్ను అలసటలో ముంచినవి కూడా ఆ రెండు రోజులే.

2024 మార్చి 4, సోమవారం పాఠశాల తెరిచారు. మార్చి 6న నా సహోపాధ్యాయురాలు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి నివాస కార్డుకు దరఖాస్తు చేయించారు. ఆ కార్డు చేతికి వచ్చింది ఏప్రిల్ 12న. ఈ ఐదు వారాల నిరీక్షణ ప్రయాణాలకు ఎంత అడ్డమో ముందుగా నాకెవరూ చెప్పలేదు. కొరియాలో చాలా యాప్‌లలో ఏదైనా కొనాలంటే మన పేరు మీద ఉన్న ఫోను నంబరుతో గుర్తింపు నిర్ధారించాలి. ఆ నంబరు కావాలంటే నివాస కార్డు కావాలి. బస్సుల యాప్ నా అమెరికా క్రెడిట్ కార్డును తీసుకోనే లేదు. అందువల్ల ఆ ఐదు వారాలూ బస్టాండుకు నడిచి వెళ్ళి, కౌంటరు దగ్గర ఊరి పేరును కొరియా అక్షరాల్లో రాసిన కాగితం చూపించి టికెట్టు కొన్నాను. కౌంటరులో మాత్రం విదేశీ కార్డు చెల్లుతుంది. సిటీ బస్సులకు, మెట్రోకు పనికివచ్చే టీ-మనీ కార్డు ఏ చిన్న దుకాణంలోనైనా దొరుకుతుంది. దానిలో నగదు వేయించుకోవాలి కనుక జేబులో పదివేల వన్ల నోటు ఎప్పుడూ ఉండాలి. అప్పటి మారకంలో వెయ్యి వన్లంటే సుమారు అరవై రూపాయలు.

చేరిన మొదటి శుక్రవారమే, మార్చి 8న, సియోల్ బయలుదేరాను. గదిలో ఒక్కదాన్నే ఉండటానికి భయం వేసిందన్నదే అసలు సంగతి. బడిలో ముప్ఫైమంది పెద్దల మధ్య రోజంతా గడిపినా, ఎవరి మాటా అర్థం కాక, సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. సున్‌చన్ నుంచి సియోల్‌లోని యోంగ్సాన్ స్టేషనుకు కేటీఎక్స్ అనే అతివేగ రైలులో రెండు గంటల నలభై నిమిషాలు పడుతుంది. ఒకవైపు టికెట్టు సుమారు 44,000 వన్లు. స్టేషనులో దిగి గూగుల్ మ్యాప్ తెరిస్తే అది నడక దారి చూపలేదు. ఆ దేశంలో దారి చూపే పని నావెర్ మ్యాప్, కకావో మ్యాప్ మాత్రమే సరిగా చేస్తాయన్న సంగతి నాకు ఆ రాత్రి చలిలో, చక్రాల పెట్టె లాగుకుంటూ నలభై నిమిషాలు తిరిగాక, దారిన పోతున్న ఒక విద్యార్థి చెబితే తెలిసింది. అతడు తన ఫోనులో దారి చూసి, నన్ను అతిథిగృహం గుమ్మం దాకా దిగబెట్టి, నడుము వంచి నమస్కరించి వెళ్ళాడు.

మర్నాడు గ్యోంగ్‌బొక్ రాజప్రాసాదం, బుక్‌చొన్ పాత ఇళ్ళ వీధులు చూశాను. వాటి అందాన్ని తక్కువ చేసి చెప్పను. అయితే నాకు ఎక్కువగా గుర్తున్నది తిరుగు ప్రయాణమే. ఆదివారం సాయంత్రపు రైళ్ళలో సీట్లన్నీ ముందే అమ్ముడైపోయాయి. నిలబడి వెళ్ళే టికెట్టు ఒక్కటి దొరికింది. తలుపు దగ్గర గోడకు ఆనుకుని రెండు గంటల నలభై నిమిషాలు నిలబడి, రాత్రి పదకొండు దాటాక గది చేరాను. ఆ రెండు రోజులకు రెండు లక్షల అరవై వేల వన్లు ఖర్చయ్యాయి. అందులో తిండికి అయింది తక్కువే, ఎందుకంటే నేను మాంసం, చేప తినను. కూరగాయల గింబాప్ (సముద్రపు నాచు రేకులో చుట్టిన అన్నం) అడిగితే అందులో హ్యామ్ ముక్క ఉండేది. అది తీసేయమంటే చేపల పిండితో చేసిన ముక్క మిగిలేది. పులుసులకు ఎండుచేపల నీళ్ళే ఆధారం. కిమ్చీలో కూడా ఉప్పు రొయ్యలో, చేపల రసమో ఉంటుంది. "కోగి పెగో చుసెయో" అంటే మాంసం తీసేసి ఇవ్వండి అని అర్థం. ఆ మాటలో చేప, రొయ్య ఇమడవని తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

మార్చి 23న చెర్రీ పూలు చూద్దామని జిన్‌హే వెళ్ళాను. రెండు బస్సులు మారి మూడు గంటలకు పైగా ప్రయాణం చేశాను. ముందు రోజే పూల ఉత్సవం మొదలైంది. దుకాణాలు, దీపాలు, జనం అన్నీ ఉన్నాయి గానీ చెట్ల మీద మొగ్గలే ఉన్నాయి. ఆ ఏడాది చలి ఆలస్యంగా వదలడంతో పూలు వెనుకబడ్డాయి. నాతోపాటు వచ్చిన వేలమంది మొగ్గల కిందే నిలబడి ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయారు. సరిగ్గా వారం తరువాత, కూరగాయలు కొనడానికి బయటికి వచ్చినప్పుడు, నా గదికి పది నిమిషాల దూరంలో పారే దోంగ్‌చన్ వాగు గట్టు పొడవునా చెట్లు తెల్లగా విరబూసి కనిపించాయి. గట్టు మీద ముసలివారు చాపలు పరుచుకుని ఉడికించిన చిలగడదుంపలు వలుచుకు తింటున్నారు. చేతిలో ఉల్లికాడల కట్టతో అక్కడే గంటసేపు నిలబడిపోయాను. అయినా ఆ రోజు నాకు బుద్ధి రాలేదు. దూరపు పేర్లే పట్టికలో ఒకటొకటిగా కొట్టివేసుకుంటూ ఏప్రిల్ అంతా బుసాన్, జొన్‌జు, మళ్ళీ సియోల్ అని తిరిగాను. తొలి రెండు నెలల్లో ప్రయాణాలకే పదకొండు లక్షల వన్లు అయ్యాయని నోటుపుస్తకంలో లెక్క వేసి చూసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా నెల జీతం ఇరవై రెండు లక్షలు. అమ్మ ఫోను చేసిన ప్రతిసారీ "ఒక్కదానివే ఎక్కడెక్కడ తిరుగుతున్నావే తల్లీ, ఈ వారమైనా ఇంటిపట్టున ఉండవూ" అనేది. ఇంటిపట్టున ఉండటమే కష్టంగా ఉందని అమ్మకు చెప్పలేకపోయేదాన్ని.

నన్ను మార్చింది మే నెల. మే 5 బాలల దినోత్సవం ఆదివారం రావడంతో సోమవారం కూడా సెలవిచ్చారు. మూడు రోజులు కలిసివచ్చాయని శనివారం ఉదయం యొసు విమానాశ్రయం నుంచి జెజు ద్వీపానికి వెళ్ళాను. ఆ ద్వీపం నడుమ ఉన్న హల్లాసాన్ దక్షిణ కొరియాలోకెల్లా ఎత్తైన కొండ, 1,947 మీటర్లు. సొంగ్‌పనక్ దారి నుంచి శిఖరానికి ఒకవైపే 9.6 కిలోమీటర్లు నడవాలి, ముందుగా ఆన్‌లైనులో పేరు నమోదు చేసుకోవాలి. నేను నెల ముందే చేసుకున్నాను. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచేసరికి కిటికీ అద్దానికి వాన అడ్డంగా కొడుతోంది. కొండ దారులన్నీ మూసేశారు. సాయంత్రం నేనెక్కవలసిన విమానం రద్దయింది. ఆ రోజు గాలివానకు రద్దయినవి అదొక్కటే కాదు. విమానాశ్రయం నేల మీద పిల్లల తల్లులు దుప్పట్లు పరుచుకున్నారు. టికెట్టు డబ్బు తిరిగి ఇచ్చారు గానీ, మరొక రాత్రి బసకు 90,000 వన్లు, సోమవారం సాయంత్రం గ్వాంగ్‌జుకు దొరికిన ఒక్క సీటుకు అంతకు మించి, అక్కడి నుంచి సున్‌చన్ బస్సుకు వేరుగా పెట్టుకోవలసి వచ్చింది. కొండ కనీసం కనిపించను కూడా లేదు.

మంగళవారం ఆరో తరగతిలో ఆ వారం పాఠం సరిగ్గా "పోయిన శని ఆదివారాల్లో ఏం చేశారు" అన్నదే. నేను జెజు కథ చెప్పాను, వాన చప్పుడు నోటితో చేసి చూపించాను. పిల్లలు నవ్వారు. ముందు బల్లలో కూర్చునే ఒక అమ్మాయి చేయెత్తి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని అడిగింది: "టీచర్, సున్‌చన్ బే చూశారా?" చూడలేదన్నాను. తరగతి అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ పిల్లల ముఖాల్లో కనబడిన నొప్పిని నేను మరచిపోలేను. మా ఊరికి వచ్చి రెండు నెలలు దాటింది, మా సముద్రం చూడలేదా అన్నట్టు చూశారు. ఆ అమ్మాయి నా పుస్తకం వెనుక అట్ట లోపలివైపు బస్సు గుర్తు గీసి, ఎక్కడ దిగాలో రాసి ఇచ్చింది.

మే 11, శనివారం ఆ బస్సు ఎక్కాను. సముద్రపు పాయ చుట్టూ రెల్లు పొదలు కనుచూపు మేర పచ్చగా లేచి ఉన్నాయి, వాటి నడుమ చెక్క వంతెన దారి. ఆటుపోట్ల వేళ తెలియకుండానే వెళ్ళాను గానీ అదృష్టం కొద్దీ నీరు తీసి ఉంది. వంతెన మీద బోర్లా పడుకుని చూసిన పిల్లవాడిని చూసి నేనూ అలాగే పడుకున్నాను. నల్లటి బురద కదులుతోంది. వేలెడంత చేపలు ముందరి రెక్కలను చేతుల్లా ఆనించి పాకుతున్నాయి. కళ్ళు తల మీదికి లేచి రెండు మిరియపు గింజల్లా ఉన్నాయి. ఒకటి ఎగిరి పడినప్పుడు బురద తుంపర నా కళ్ళద్దాల మీద పడింది. ఒక పెద్ద గోరు, ఒక చిన్న గోరు ఉన్న ఎండ్రకాయలు బొరియల గుమ్మాల్లో నిలబడి ఎవరినో పిలుస్తున్నట్టు పెద్ద గోరు ఊపుతున్నాయి. రెండు గంటలు గడిచాయని తెలియలేదు. కోరింగ మడ అడవుల్లో కూడా ఇలాంటి పాకే చేపలు ఉంటాయని ఆ రాత్రి నాన్న ఫోనులో చెప్పారు. పోను రాను బస్సు, ప్రవేశ రుసుము, దారిలో తిన్న మొక్కజొన్న కండె కలిపి ఆ రోజుకు పదిహేను వేల వన్లు కూడా కాలేదు. ఆదివారం అంతా నిద్రపోయాను. వచ్చాక అలా నిద్రపోవడం అదే మొదలు.

అక్కడి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను: నెలలో మూడు వారాలు సిటీ బస్సు వెళ్ళే చోటికే, ఒక్క వారం మాత్రం దూరం. జూన్ 15, 16 తేదీల్లో సోంగ్‌గ్వాంగ్‌సా ఆలయంలో బస చేశాను. దానికి రెండు వారాల ముందు ఆన్‌లైనులో పేరు ఇచ్చి 70,000 వన్లు కట్టాను. బస, మూడు పూటల భోజనం, వేసుకునే వదులు బట్టలు అందులోనే. ఊళ్ళోంచి 111 నంబరు బస్సు గంటకు పైగా కొండల్లో తిరిగి ఆలయం దగ్గర దింపుతుంది. సంత రోజైతే వెనుక సీట్ల నిండా వెల్లుల్లి కట్టలు, వాటి పక్కన అవ్వలు. కొరియా బౌద్ధులు మూడు రత్నాలుగా చెప్పుకునే మూడు ఆలయాల్లో ఇది సంఘానికి ప్రతీక. పన్నెండో శతాబ్దంలో పుట్టిన జినుల్ అనే గురువు ఇక్కడే తన శిష్య సంఘాన్ని నిలిపాడు.

సాయంత్రం భోజనశాలలో పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడినప్పుడు అలవాటుగా భయపడ్డాను. అక్కడ మాంసం, చేప లేకపోవడమే కాదు, వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. మూడున్నర నెలల్లో ఎవరినీ ఏమీ అడగకుండా, దేన్నీ ఏరి పక్కన పెట్టకుండా కడుపు నిండా తిన్న మొదటి భోజనం అది. మాచర్లలో మా నాయనమ్మ కార్తీకమాసం వంట గుర్తుకు వచ్చి కళ్ళు చెమర్చాయి. పళ్ళెంలో మెతుకు మిగల్చకూడదు, ఎవరి పళ్ళెం వారే కడగాలి. తెల్లవారుజామున మూడింటికి లేపారు. ముందు పెద్ద ఢంకా, తరువాత చెక్క చేప, కంచు పలక, చివర గంట. చీకట్లో ఆ ధ్వనులు కొండను తాకి తిరిగి వచ్చేవి. నూట ఎనిమిది సాష్టాంగాలు చేస్తూ ఒక్కో దానికి ఒక్కో పూసను దారానికి గుచ్చాలి. అరవైకి నా తొడలు వణికాయి, ఎనభైకి దారం కొన కనిపించలేదు. పక్కనున్న పెద్దావిడ తన పూస ఆపి నా దారం కొన తడిపి ఇచ్చింది.

టీ వేళ భిక్షువు మేం ఎక్కడివారమని ఒక్కొక్కరినీ అడిగారు. అమెరికా అని చెప్పి, ఆగి, నేను పుట్టిన ఊరు నాగార్జునకొండ పక్కన అన్నాను. అనువాదం చేస్తున్న అమ్మాయికి ఆ పేరు తెలియలేదు. ఫోనులో చూపించాను. భిక్షువు ముఖం ఒక్కసారిగా విప్పారింది. "యోంగ్సు!" అన్నారు. నాగార్జునుణ్ణి వారు ఆ పేరుతో పిలుస్తారు. తమ ధ్యాన సంప్రదాయపు గురు పరంపరలో ఆయనను పద్నాలుగో గురువుగా లెక్కిస్తారు. విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కి ఆ ద్వీపానికి వెళ్ళడం, పులిహోర పొట్లాలు, ఎండకు కాలిన ఇటుకల మీద పరుగెత్తడం, ఇవే నాకు తెలిసిన నాగార్జునకొండ. అవి చెప్పమని ఆయన మళ్ళీ మళ్ళీ అడిగారు. నా టీ గిన్నె ఐదుసార్లు నింపారు.

ఆగస్టులో బుసాన్ పక్కనున్న గిమ్‌హే వెళ్ళాను, అది నా దూరపు వారం. అయుత అనే దేశం నుంచి క్రీస్తు శకం 48లో ఓడలో వచ్చి సురో రాజును పెళ్ళాడిందని చెప్పే హొ హ్వాంగ్-ఓక్ రాణి సమాధి అక్కడుంది. ఈ కథ పదమూడో శతాబ్దపు సమ్‌గుక్ యూసా గ్రంథంలో ఉంది; ఆ అయుతను అయోధ్యగా చాలామంది భావిస్తారు. గడ్డి దిబ్బ పక్కన ఆమె ఓడలో తెచ్చిందని చెప్పే ఎర్రటి రాళ్ళ చిన్న గోపురాన్ని చూశాను. అయితే నా సంచి నింపింది మాత్రం దోంగ్‌సాంగ్ సంత వీధి. అక్కడ విదేశీ కార్మికుల కోసం పెట్టిన ఒక దుకాణంలో కందిపప్పు, ఇంగువ, ఆవాలు దొరికాయి. ఎనిమిది కిలోల బరువు మోసుకుంటూ రెండున్నర గంటల బస్సు ప్రయాణం చేసి, ఆ రాత్రే పప్పుచారు కాచుకున్నాను.

చుసొక్ అనే పంటల పండుగ సెలవులు సెప్టెంబరు 14 నుంచి 18 వరకు ఐదు రోజులు వచ్చాయి. ఆ రైలు టికెట్లు ఆగస్టులోనే అమ్మేస్తారని నాకు సెప్టెంబరులో తెలిసింది. ఊళ్ళోనే ఉండిపోయాను. వెళ్ళేవారెవరైనా ఉంటే చుసొక్, సొల్లాల్ (చాంద్రమాన కొత్త సంవత్సరం) పండుగలకు నెల ముందే సిద్ధపడండి. పండుగ రోజున భోజనశాలలు కూడా చాలావరకు మూసి ఉంటాయి కనుక సరుకులు తెచ్చి పెట్టుకోండి.

ఆ ఏడాది మొత్తంలో నాకిష్టమైన రోజు ఏదంటే నవంబరు 2 అనే చెబుతాను. 1 నంబరు బస్సులో సొనమ్‌సా ఆలయానికి వెళ్ళి, జోగ్యేసాన్ కొండ దాటి అవతలివైపు సోంగ్‌గ్వాంగ్‌సాలో దిగి 111 బస్సులో ఇల్లు చేరాను. నాలుగు గంటల నడక. నడి దారిలో, బండి రాని అడవిలో, బార్లీ అన్నం పెట్టే ఇల్లు ఒకటి ఉంది. పెద్ద గిన్నెలో అన్నం, చుట్టూ ఏడెనిమిది రకాల ఆకుకూరలు, కారపు ముద్ద, నువ్వుల నూనె. అన్నీ వేసి కలుపుకోవాలి. పది వేల వన్లకు మించలేదు. వడ్డించే ఆవిడను అందరూ "ఇమో" అని పిలుస్తున్నారు. అమ్మ చెల్లెలు, పెద్దమ్మ అన్న అర్థం. మనం పిన్నిగారూ అన్నట్టే. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళింది. కట్టెల పొయ్యి మీద ఇనుప బానలో అడుగంటిన మాడు మీద నీళ్ళు పోసి మరగబెడుతున్నారు. ఎవరికి కావలసినది వారు ముంచుకోవచ్చు. పొగ వాసన, మాడు రుచి, చేతుల్లో గిన్నె వేడి. ఆకులు రాలుతున్నాయి. రెండో గిన్నె కూడా తాగాను.

డిసెంబరు 29, ఆదివారం మా రాష్ట్రంలోనే ఉన్న మువాన్ విమానాశ్రయంలో జరిగిన ప్రమాదంలో 179 మంది చనిపోయారు. చాలామంది ఇటువైపు ఊళ్ళవారే. మా బడి నడవాలో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. తరువాతి రెండు వారాలు నేను ఎక్కడికీ వెళ్ళలేదు. శనివారం ఒక తెల్ల పువ్వు తీసుకుని నివాళి వేదిక దగ్గర వరుసలో నిలబడ్డాను.

చివరి ఆదివారాల్లో ఒకటి, ఫిబ్రవరి 16. తోటి ఉపాధ్యాయులు గుమ్‌దున్‌సా అనే చిన్న ఆలయంలో చలికాలంలోనే పూసే ఎర్ర మెహ్వా (ప్లమ్ జాతి) పూల చెట్లు ఉన్నాయని చెప్పారు. బస్సు దిగి కొండ ఎక్కాను. ఆ ఏడు చలి గట్టిగా ఉంది. చెట్టంతా బిగుసుకున్న ఎర్ర మొగ్గలు, అక్కడక్కడ విచ్చినవి మూడో నాలుగో. మెడలో పెద్ద కెమెరా వేసుకున్న ఒక తాతగారు నన్ను చెయ్యి పట్టుకుని ఒక కొమ్మ వెనక్కి తీసుకెళ్ళి, ఎండ తగిలే చోట పూర్తిగా విచ్చిన పువ్వొకటి చూపించారు. మరో పది రోజులాగి వస్తే చెట్టంతా పూస్తుందన్నారు. పది రోజుల తరువాత నేను ఉండనని కొరియా భాషలో చెప్పాను, తప్పుల్లేకుండా చెప్పగలిగాను. ఆయన తన కెమెరాలో ఆ పువ్వును దగ్గరగా తీసి, నా ఫోను నంబరు అడిగి, బస్సు స్టాపు దగ్గర నేను నిలబడి ఉండగానే పంపించారు.